విజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

పర్ణశాలను ఆనుకొని ప్రవహించే గోదావరి భద్రాచలాన్ని దాటి, పాపికొండల నడుమ ఒదిగి, రాజమహేంద్రవరం చేరేసరికి విశాలమవుతుంది. అక్కడి నుండి పాయలై, కాలువలై పశ్చిమ గోదావరి పొలాలను తడుపుతుంది. ఆ కాలువల నీటితో పచ్చగా ఉండే భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదువుకొని, పరదేశంలో ప్రాణాలు విడిచేవరకు మానవజాతి రోగాలపై పోరాటం సాగించిన వైద్యశాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎప్పుడో 1948లో అమెరికాలో మరణించిన శాస్త్రజ్ఞునికీ, నేడు మా తరగతి గదుల్లో కూర్చున్న విద్యార్థులకూ సంబంధమేమిటన్న సందేహం కొందరికి కలుగవచ్చు. ఆ సంబంధం మన ముఖం మీదనే ఉన్నది. తెలుగు విద్యార్థులు మొటిమలనీ, ఉర్దూ విద్యార్థులు ముహాసేలనీ పిలుచుకునే చర్మవ్యాధి యౌవనంలో అడుగుపెట్టిన వారిలో అత్యధికులను ఎంతో కొంత బాధించక మానదు. వ్యాధి ముదిరినప్పుడు వైద్యులు వ్రాసి ఇచ్చే మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న ప్రయోగశాలలో వెలువడింది. ఆ మందుకు మొటిమల సూక్ష్మజీవి తన జన్యువుల ద్వారా ఇచ్చిన సమాధానమేమిటో కూడా గ్రహించినప్పుడే ఆయన కృషి విలువ మనకు సంపూర్ణంగా బోధపడుతుందని మేము భావిస్తున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కుటుంబం పెద్దది, ఆదాయం చిన్నది. ఆప్తుల అకాలమరణాలు ఆయన బాల్యాన్ని కలచివేశాయి. చదువులో ఆయన మొదటి నుండీ మేటి అనుకుంటే పొరపాటు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల చేయూతతోనూ, అనంతరం తమకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయంతోనూ ఆ విద్య సాగింది. పరీక్ష తప్పిన ప్రతి విద్యార్థీ ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవాలని మా కోరిక.

అది జాతీయోద్యమం ఉప్పొంగుతున్న కాలం. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావుగారు విదేశీ వస్త్రాలను విడిచి, శస్త్రచికిత్స గదిలోనూ ఖద్దరు దుస్తులే ధరించారు. శస్త్రచికిత్సా శాఖకు చెందిన ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. వ్రాతపరీక్షల్లో చక్కగా రాణించినప్పటికీ ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టం లభించలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతోనే తృప్తిపడవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కొరకు ప్రయత్నించి విఫలులయ్యారు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా చేరారు.

ఈ దశలోనే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన విషాదం సంభవించింది. ఆ రోజుల్లో స్ప్రూ అనే జీర్ణవ్యాధి మన ప్రాంతాల్లో ఎందరినో బలిగొనేది. తిన్న ఆహారం వంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎముకలగూడై పోయేవాడు. ఈ వ్యాధి ఆయన సోదరులను హరించింది. అనంతరం ఆయననూ పట్టి పీడించింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నారు. ప్రాణం దక్కింది గాని, ప్రశ్న మిగిలిపోయింది. ఈ రోగానికి మూలమేమిటి? ఏ పదార్థం లోపించడం వల్ల రక్తం క్షీణిస్తున్నది? దేశీయ వైద్యమంటే ఆయనకు గౌరవం తగ్గలేదు. అయితే మందులో పనిచేసే పదార్థమేదో విడదీసి చూడాలన్న తహతహ మాత్రం ఆయనను నిద్రపోనివ్వలేదు.

మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయంతోనూ ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. భార్య శేషగిరిగారు స్వదేశంలోనే ఉండిపోయారు. వారికి జన్మించిన ఏకైక పుత్రుడు శైశవంలోనే మరణించాడు. సుబ్బారావుగారు మరల మాతృదేశానికి తిరిగి రాలేదు, ఆ దంపతులు మరల కలుసుకోలేదు. విజ్ఞానం కొరకు ఆయన చేసిన త్యాగాన్ని మనం కీర్తిస్తాము. ఆ త్యాగంలో సగభాగం మౌనంగా కాలం గడిపిన ఆ ఇల్లాలిది కూడానని మరువరాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల విద్యలో ఆయన డిప్లొమా పొందారు. వైద్యపట్టం ఉన్నా ఆ దేశంలో వైద్యవృత్తి చేసే అవకాశం లేక, పొట్టపోసుకొనడానికి ఆస్పత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేశారు. పిమ్మట జీవరసాయనశాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన ప్రారంభించారు. రక్తంలోనూ, మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిరువురూ 1925లో ప్రకటించారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ వ్యాపించింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వెల్లడించారు. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే ఫలితాన్ని ప్రకటించిన సంవత్సరంలోనే, జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని కండరాల నుండి వేరుచేసి ప్రకటించారు. 1930లో డాక్టరేట్ లభించింది. ఇంత కృషి చేసినప్పటికీ హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఆచార్యపీఠం దక్కలేదు.

1940లో ఆయన న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొలదికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. తరువాతి ఎనిమిదేండ్లలో ఆ ప్రయోగశాల సాధించిన ఫలితాలు ఆశ్చర్యం గొలుపుతాయి. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో రక్తాన్ని నిలబెట్టే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేశారు. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా రూపొందించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు చికిత్స చేసి, 1948లో ఫలితాలను ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. గోదావరి జిల్లాల ప్రజలను తరతరాలుగా వేధించిన బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడా ఆ ప్రయోగశాల ప్రసాదమే.

ఇక మనకు ప్రధానమైన ఔషధం విషయానికి వద్దాము. ఆ ఔషధం మట్టిలో లభించింది. పర్ణశాలకు వచ్చే యాత్రికులు సీతమ్మ వాగు ఒడ్డున పసుపు, ఎరుపు వన్నెల రాళ్ళను భక్తితో చూచి వెళ్తారు. వారి పాదాల క్రిందనున్న మట్టిని ఎవరూ గమనించరు. తొలకరి చినుకులు పడగానే దుమ్ముగూడెం అడవిదారుల్లో కమ్మని మట్టివాసన లేస్తుంది. ఆ వాసనకు ముఖ్యకారణం మట్టిలో నివసించే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు. చూపుకు బూజువలె కనిపించినా ఇవి బ్యాక్టీరియా తెగకు చెందినవే. తమ పొరుగున పెరిగే ఇతర సూక్ష్మజీవులను అణచడానికి ఇవి రకరకాల రసాయనాలను తయారుచేస్తాయి. అడవి మట్టిలోనైనా, పొలం మట్టిలోనైనా నిత్యం జరిగే ఈ మౌనసమరం నుండే మన యాంటీబయాటిక్ మందుల్లో అనేకం పుట్టాయి.

ఈ సంగతి గుర్తించి లెడర్లీ సంస్థ వివిధ ప్రాంతాల మట్టి నమూనాలను సేకరించి పరీక్షింప సాగింది. ఈ పని డెబ్బై ఏండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు అప్పగించబడింది. విశ్వవిద్యాలయం నుండి పదవీవిరమణ చేసిన వృద్ధుడాయన. మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన సాన్‌బర్న్ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో, 1945లో, ఆయనకు బంగారు వన్నె గల స్ట్రెప్టోమైసిస్ ఒకటి లభించింది. అది విడుదల చేసే పదార్థం అనేక రకాల రోగక్రిములను అణచివేసింది. బంగారు వన్నెను సూచిస్తూ ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇది జ్యేష్ఠపుత్రిక.

టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావుగారే స్వయంగా కనుగొన్నారని మనవారు అభిమానంతో వ్రాస్తూ ఉంటారు. అది సరికాదు. మట్టిలో ఆ జీవిని గుర్తించిన కీర్తి డగ్గర్‌ది. ఆ అన్వేషణకు వసతులు కల్పించి, సహచరులను సమకూర్చి, ప్రయోగశాలను నడిపించిన కీర్తి సుబ్బారావుగారిది. సహచరుల పేర్లను ముందు నిలిపి తాము వెనుక నిలబడడం ఆయన స్వభావం. అట్టి వ్యక్తికి ఇతరుల ఘనతను కట్టబెట్టి గౌరవించాలని చూడడం ఆయన స్వభావానికే విరుద్ధం.

1948 జులైలో ఆరియోమైసిన్ ఫలితాలను న్యూయార్క్‌లో శాస్త్రజ్ఞుల సభ ఎదుట ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ తరహా జ్వరాలను కూడా లొంగదీసే మందు, నోటి ద్వారా తీసుకొనదగిన మందు లోకానికి లభించింది. ఆ సంతోషం చల్లారకముందే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై మూడేండ్లు మాత్రమే.

ఆ తరువాత కుటుంబం పెరిగింది. 1950ల తొలినాళ్ళలో టెట్రాసైక్లిన్, 1967లో డాక్సీసైక్లిన్, 1970ల తొలినాళ్ళలో లెడర్లీ వారి మినోసైక్లిన్ వాడుకలోకి వచ్చాయి. మొటిమల చికిత్సకు వైద్యులు ఈ మందులను విరివిగా వాడసాగారు. ఇవి చేసే పని సూక్ష్మమైనది. ప్రతి బ్యాక్టీరియా కణంలోనూ మాంసకృత్తులను తయారుచేసే రైబోసోములు అనే యంత్రాలు ఉంటాయి. టెట్రాసైక్లిన్ అణువు ఆ యంత్రంలోని ఒక మూలన ఇరుక్కొని, ముడిసరుకు లోనికి రాకుండా అడ్డుపడుతుంది. యంత్రం ఆగగానే క్రిమి పెరుగుదల కూడా ఆగుతుంది. అంతేగాక ఈ మందులకు చర్మపు వాపును తగ్గించే గుణం కూడా ఉన్నది.

మొటిమలతో సంబంధమున్న బ్యాక్టీరియా మన చర్మరంధ్రాల్లో, నూనెగ్రంథుల వద్ద, గాలి అంతగా సోకని చోట నివసిస్తుంది. గ్రంథులు స్రవించే నూనెను విరిచి జీవిస్తుంది. దీర్ఘకాలం ప్రొపియోనిబ్యాక్టీరియం ఆక్నెస్ అన్న పేరుతో వ్యవహరింపబడిన ఈ జీవి పేరును 2016లో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్‌గా మార్చారు. దీని జన్యుసముదాయాన్ని శాస్త్రజ్ఞులు 2004లో సంపూర్ణంగా చదివారు. సుమారు 25 లక్షల 60 వేల అక్షరాలు, సుమారు 2,300 జన్యువులు అందులో ఉన్నాయి. చర్మంలోని క్రొవ్వును విరిచే ఎంజైములను తయారుచేసే జన్యువులు కూడా వాటిలో కనిపించాయి.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. మొటిమలున్న వారి చర్మం మీదనే కాక, నున్నని ముఖం గలవారి చర్మం మీద కూడా ఈ జీవి సమృద్ధిగా ఉన్నది. మరి కొందరికే వ్యాధి ఎందుకు? 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు మొటిమలున్న 49 మంది, లేని 52 మంది ముక్కుపై గల సూక్ష్మజీవులను పరీక్షించారు. జీవి ఒక్కటే అయినా దానిలో తెగలు వేరు. కొన్ని తెగలు మొటిమలున్న వారిలోనే ఎక్కువగా కనిపించగా, ఒక తెగ ఆరోగ్యవంతుల్లో ఎక్కువగా కనిపించింది. ఒకే ఇంటిపేరు గలవారిలో మంచివారూ, కలహప్రియులూ ఉన్నట్లే ఇదీను. హార్మోనులు, నూనెగ్రంథుల స్రావం, వంశపారంపర్యం మొదలైన కారణాలు కూడా దీనికి తోడవుతాయి. కనుక మొటిమలు మురికి వల్ల వస్తాయనీ, దుష్ప్రవర్తన వల్ల వస్తాయనీ తోటి విద్యార్థులను ఎగతాళి చేయడం అజ్ఞానం తప్ప మరేమీ కాదు.

సుబ్బారావుగారి ప్రయోగశాల వరానికి ఈ చిన్న జీవి ఇచ్చిన సమాధానాన్ని ఇప్పుడు చూద్దాము. మందు వాడకం పెరిగిన కొలదీ దానికి లొంగని క్రిములు బయలుదేరాయి. 1998లో బ్రిటన్ పరిశోధకులు దీని రహస్యాన్ని వెల్లడించారు. రైబోసోములో 16 ఎస్ ఆర్.ఎన్.ఏ. అనే భాగం ఒకటి ఉన్నది. అందులో 1058వ స్థానంగా లెక్కించే చోట జి అనే అక్షరం ఉండవలసి ఉండగా, లొంగని క్రిముల్లో సి అనే అక్షరం ఉన్నది. మారినది ఒకే ఒక్క అక్షరం. ఆ మార్పుతో టెట్రాసైక్లిన్ అణువుకు యంత్రంలో కుదురుగా కూర్చునే చోటు లేకుండా పోయింది. మొటిమలతో ముడిపడిన రెండు తెగల్లో 2013 నాటి పరిశోధకులకు కూడా ఈ మార్పు కనిపించింది. ఆ క్రిమి బుద్ధిపూర్వకంగా ఈ మార్పు చేసుకొనలేదు. కోట్లాది క్రిముల్లో ఏ ఒక్కదానిలోనో దైవికంగా జరిగిన పొరపాటు అది. మందు మిగిలిన వాటిని అణచివేసి, ఆ ఒక్కదానికి పొలమంతా అప్పగించింది. దున్నిన చేలో కలుపు ఎదిగినట్లు దాని సంతతి వృద్ధి చెందింది.

సుబ్బారావుగారి కాలపు మరొక అన్వేషణకు కూడా ఈ జీవితో సంబంధమున్నది. రక్తక్షీణతను నివారించే విటమిన్ బి 12 కొరకు నాడు పలు ప్రయోగశాలలు కాలేయరసాన్ని శోధిస్తుండేవి. మొటిమల క్రిమి బి 12ను స్వయంగా తయారుచేసుకొనగలదు. మనం ఆ విటమిన్‌ను అధికంగా తీసుకున్నప్పుడు ఆ క్రిమిలో దానిని తయారుచేసే జన్యువుల పని మందగించడాన్ని 2015లో పరిశోధకులు గమనించారు. అప్పుడు మిగిలిన ముడిసరుకు పోర్ఫిరిన్లు అనే పదార్థాల వైపు మళ్ళి, వాపునకు దోహదం చేస్తుందని వారు ప్రతిపాదించారు. అవసరం లేకపోయినా బలానికని విటమిన్ సూదులు వేయించుకొనే వారు ఆలోచింపదగిన విషయమిది.

విద్యార్థులు ఈ చరిత్ర నుండి గ్రహింపవలసినది ఏమిటి? నోటితో మింగిన టెట్రాసైక్లిన్ ముఖం మీది క్రిముల వద్దకు మాత్రమే పోదు. పేగుల్లోనూ, ఒంటినిండా ఉండే నానావిధ బ్యాక్టీరియాను తాకుతుంది. వాటిలో కొన్ని, మందుకు లొంగని గుణాన్ని ఇచ్చే జన్యువులను ఒకదానినుండి మరొకటి అందిపుచ్చుకొనగలవు. అందుకే మొటిమలకు ఈ మందులను మూడు నాలుగు నెలలకు మించకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పైపూతతో జతపరచి వాడాలని చర్మవైద్యులు నిర్ణయించారు. ఆ పైపూతకు లొంగకుండా క్రిములు మారిన దాఖలా లేదు. గర్భవతులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు మొటిమల పేరిట టెట్రాసైక్లిన్లు ఇవ్వరాదు. మిత్రుడు చెప్పాడనో, దుకాణదారు ఇచ్చాడనో స్వంతంగా క్యాప్సూళ్ళు కొనడం, రెండు దినాలు మింగి మానివేయడం తగదు. ముఖం తెల్లబడుతుందన్న ఆశతో స్టెరాయిడ్ కలిసిన పూతలు రాసుకొనడం మరింత ప్రమాదకరం. వాటివల్ల చర్మం పలుచబడి, మొటిమలు ఉధృతమవుతాయి.

ముఖ్యంగా మన అడవి అంచు పల్లెల విద్యార్థులు మరొక విషయం తెలుసుకోవాలి. పొదల్లో ఉండే అతి చిన్న పురుగు కాటు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నది. సకాలంలో చికిత్స జరగకపోతే అది ప్రాణాలు తీస్తుంది. దానికి ప్రధానౌషధం ఈ డాక్సీసైక్లినే. ఒకరికి ముఖసౌందర్యం కొరకు వాడే మందు మరొకరికి ప్రాణభిక్ష. అటువంటి మందును పొదుపుగా, వైద్యుని సలహాతో వాడడం సమాజంపట్ల మన బాధ్యత.

సుబ్బారావుగారికి నోబెల్ బహుమతి రాలేదు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో చోటుచేసుకొనడానికి కూడా దీర్ఘకాలం పట్టింది. 1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఇవి తగిన గౌరవాలే. అయితే రెండుసార్లు పరీక్ష తప్పి, ఖద్దరు ధరించినందుకు పట్టం పోగొట్టుకొని, రాత్రిళ్ళు ఆస్పత్రిలో ఊడిగం చేసి, లోకానికి మందులు పంచిన ఆ మనిషి కోరినది బిరుదులు కావు, రోగాలకు మందులు. ఆయన హయాములో పుట్టిన మందు ఇంకొక తరానికి కూడా పనిచేసేటట్లు కాపాడుకొనడం పరిశోధకుల చేతిలో మాత్రమే లేదు, మందుల దుకాణం ముందు నిలబడిన ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉన్నది. ఆ వివేకాన్ని అలవరచుకొనడమే ఆ విజ్ఞాన తపస్వికి మన కళాశాల అర్పించగల నిజమైన నివాళి.